బస్సు పద్నాలుగు, పన్నెండో అధ్యాయం

ఆ గురువారం ఉదయానికి జకరయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తెల్లవారుజాము అజాన్ వినబడగానే లేవాలి, మొహం కడుక్కోవాలి, బైబిల్లో ఒక్క అధ్యాయం పైకి చదివి ఫోనులో రికార్డు చేసి ఊరికి పంపాలి, ఐదుంబావుకి బస్సు తీయాలి. కతార్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్యాంపులో పద్నాలుగో నంబరు బస్సుకి అతను డ్రైవరు. యాభై రెండు మందిని సైటులో దింపడం, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకుని రావడం ఎనిమిదేళ్ళుగా అతని పని. ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు కూడా బస్సు ఆలస్యంగా తీయలేదు. బైబిలు మాత్రం ఆరేళ్ళుగా తీయలేదు.

భక్తి లేక కాదు. వచ్చిన కొత్తలో రోజూ చదివేవాడు. ఒక రంజాన్ నెలలో డ్యూటీ వేళలు మారి ఒక రోజు తప్పింది. తప్పినదాన్ని మర్నాడు కలిపి చదువుదామనుకున్నాడు. ఆ మర్నాడు ఆరేళ్ళు సాగింది. పుస్తకం పెట్టె అడుగుకి చేరి, వీసా కాగితాల నకళ్ళు దాచుకునే ఫైలుగా మారిపోయింది.

మళ్ళీ మొదలెట్టాల్సిన అవసరం రాజోలు దగ్గర అతని ఊరి చర్చిలో పుట్టింది. ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరు అయ్యగారు, "రోజూ వాక్యం చదువుతున్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. జకరయ్య భార్య మార్తమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"రెండోది ఎవరిదమ్మా?" అని అడిగారు అయ్యగారు.

"కతార్‌లో ఉన్న మా ఆయనదండి" అంది మార్తమ్మ.

ఆ సాయంత్రమే ఫోను చేసి సంగతి చెప్పింది. "ఎత్తేశానండి, ఇంకేం చెయ్యను? పాస్టరమ్మగారు మిమ్మల్ని దినపఠనం గ్రూపులో కలిపేశారు. రోజుకొకరు ఒక అధ్యాయం చదివి వాయిస్ పెట్టాలి. గురువారం మీ వంతు. ఇక్కడ ఏడు గంటలు కొట్టేలోపు పడాలి. పడలేదనుకోండి, మందిరంలో అబద్ధమాడినదాన్ని నేను. అననీయ, సప్పీరాలకి ఏం జరిగిందో మర్చిపోలేదు కదా?"

జకరయ్య మర్చిపోలేదు. దేవుడి దగ్గర అబద్ధమాడిన ఆ మొగుడూ పెళ్ళాలు నిలుచున్నచోటే ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలిపోయారు. ఆ మూడు రోజులూ మార్తమ్మ దగ్గినా అతనికి గుండె ఝల్లుమంది.

అసలు అతను పుట్టు భయస్థుడు. రౌండెబౌట్‌లోకి బస్సు దించే ముందు మూడుసార్లు చూసుకుంటాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు ఊరికే చెయ్యూపినా, ఏం తప్పు చేశానా అని బస్సు ఆపేస్తాడు. మాట్లాడితే ఎదుటివాడు "ఆఁ?" అని రెండోసారి అడగాల్సిందే. అయితే చేతిలో వాక్యం ఉంటే మాత్రం ఆ గొంతు వేరు. వాళ్ళ తాత చర్చిలో వాక్యం చదివే మనిషి. ఏడేళ్ళ వయసులో జకరయ్యని ఇసక గుట్ట మీద నిలబెట్టి, కాలవ అవతలి గట్టు మీద తాను కూర్చుని, అక్షరం అక్షరం వినబడేదాకా చదివించేవాడు. ఆ గొంతు అతనిలో ఎక్కడో అలాగే ఉండిపోయింది.

గురువారం అనుకున్న వేళకే లేచాడు. గదిలో తక్కిన ఐదుగురూ నిద్రలో ఉన్నారు కాబట్టి ఆవరణలో నిలిపి ఉన్న బస్సెక్కి, తన సీట్లో కూర్చుని లైటు వేసుకున్నాడు. అతని వంతుకి వచ్చింది నిర్గమకాండము పన్నెండో అధ్యాయం. ఐగుప్తు, అంటే ఈజిప్టు, రాజు దగ్గర వెట్టిచాకిరీ చేస్తున్న జనం విడుదలయ్యే రాత్రి కథ. అర్ధరాత్రి ఆ దేశంలో ఇంటింటా పెద్దకొడుకు చనిపోతాడు. ఆ ఆపద తమ ఇంటికి రాకుండా ఆ జనం గొర్రెపిల్ల రక్తం గుమ్మాలకి పూయాలి. నడుం బిగించి, చెప్పులు తొడుక్కుని, త్వరత్వరగా తినాలి. తెల్లారేదాకా గడప దాటకూడదు.

పెద్ద అధ్యాయం. మూడు ముక్కలుగా చదవాలనుకున్నాడు. మొదటి ముక్కలో తన పేరు, ఊరు చెప్పి, అందరికీ వందనాలు చెప్పి, అధ్యాయం మొదలెట్టి ఊరి గ్రూపుకి పంపాడు. అంతలో తెర మీద పద్నాలుగో బస్సు గ్రూపు నుంచి సందేశం మెరిసింది. నర్సింలు అడుగుతున్నాడు, "అన్నా, ఏసీ బాగైందా?" అని. జకరయ్య దాన్ని తెరిచి "అయింది" అని కొట్టాడు. రోజూ ఆ వేళకి ఆ గ్రూపులోనే "బస్సు రెడీ, రండి" అని వాయిస్ పెట్టే అలవాటున్న బొటనవేలు, అక్కడే ఉన్న మైకు గుర్తుని నొక్కిపట్టింది. జకరయ్య తల వంచుకుని రెండో ముక్క చదివాడు. రక్తం, గుమ్మాలు, అర్ధరాత్రి, పెద్దకొడుకులు అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. ఆరేళ్ళుగా మూతబడిన గొంతు తెరుచుకుని ఖాళీ బస్సంతా మోగింది. అది పంపేశాక పాస్టరమ్మగారి నుంచి "వందనాలు బాబూ" అని వస్తే, దాన్ని నొక్కి మూడో ముక్క అక్కడ చదివి ఆమేన్ అన్నాడు.

భార్య ప్రాణం దక్కిందన్న తృప్తితో మెస్‌కి వెళ్ళి టీ తాగాడు.

ఐదింటికి జనం బస్సెక్కడం మొదలుపెట్టారు. రోజూ ఎక్కుతూనే కిటికీకి తల ఆనించి కునుకు తీసే మనుషులు ఆ రోజు ఒక్కరూ కూర్చోలేదు. బూట్లు బిగించుకుని, బెల్టులు లాగి కట్టుకుని, సీట్ల మధ్య నిలబడి రొట్టెలు గబగబా నములుతున్నారు.

"కూర్చోండయ్యా, బస్సు తీయాలి" అన్నాడు జకరయ్య.

"వద్దన్నా. నిలవడే తినాలన్నరు" అన్నాడు నర్సింలు నోట్లో ముద్దతో. నర్సింలుది కామారెడ్డి వైపు. ఇనుప చువ్వలు కట్టే పని.

"ఎవరన్నారు?"

"ఆఫీసోళ్ళు. నీకు పంపిందే గద పొద్దుగాల నువ్వు గ్రూపుల ఏసినవ్?"

జకరయ్య అద్దంలో లెక్కపెట్టాడు. ముప్పై ముగ్గురే ఉన్నారు. "తక్కినవాళ్ళేరి?"

"ఇంటికి పెద్దకొడుకులు ఎవలూ వస్తలేరే. రేపు తెల్లారేదాంక గడప దాటరట."

జకరయ్య జేబు తడుముకున్నాడు. ఫోను తీశాడు. పద్నాలుగో బస్సు గ్రూపులో, తన పేరు కింద, నాలుగు నిమిషాల ఆరు సెకన్ల వాయిస్ నీలం గీతలతో మెరుస్తోంది. దాన్ని నొక్కి అందరికీ కనబడకుండా చెరిపేశాడు.

బస్సులో ఒకేసారి ముప్పై తలలు ఫోన్లలోంచి పైకి లేచాయి.

"డిలీట్ చేయించిన్రు!" అన్నారెవరో.

"అంటే పక్కా నిజమే" అన్నారింకొకరు.

"గదేం పరేషాన్ లేదు. నేను అన్ని బస్సుల గ్రూపులకు ఎప్పుడో పంపిన" అన్నాడు నర్సింలు.

జకరయ్య బస్సు తీశాడు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. ఈ దేశంలో ఫోనులో పుకార్లు పుట్టిస్తే నేరమని ఎవరో అనగా విన్నాడు. ఇతరులకి మన మతం బోధిస్తే నేరమనీ విన్నాడు. ఏ చట్టమో, ఎంత శిక్షో తెలియదు. తెలియకపోవడం వల్ల శిక్ష దారి పొడుగునా పెరుగుతూ పోయింది. మొదటి సిగ్నల్ దగ్గర ఆరు నెలలున్నది, సైటు చేరేసరికి యావజ్జీవమైంది.

జనాన్ని దింపగానే మార్తమ్మ ఫోను వచ్చింది.

"ఏవండీ, మీ గొంతు విని అయ్యగారు కూడా మెచ్చుకున్నారండి. కానీ మధ్యలో ముక్క లేదంటున్నారు. గొర్రెపిల్లని తెచ్చుకోమన్నారు, ఆ వెంటనే ఐగుప్తు దాటేశారట. మధ్యలోది ఎక్కడ పెట్టారు?"

"క్యాంపంతా పెట్టాను" అన్నాడు జకరయ్య.

"ఆఁ?"

"ఏం లేదు. ప్రార్థన చెయ్యి."

ఏడున్నరకి క్యాంపుకి తిరిగొచ్చాడు. గేటు లోపలికి తిరగగానే బ్రేకు మీద కాలు దానంతటదే పడింది. రెండంతస్తుల గదుల వరసలో ముప్పై ఎనిమిది గుమ్మాలు ఎర్రగా ఉన్నాయి. రెండు పక్కలా, పైనా, మందంగా, కారుతూ. కింద వరసలో రాజనర్సు రంగు డబ్బా పట్టుకుని ముప్పై తొమ్మిదోది మొదలెడుతున్నాడు.

రాజనర్సుకి యాభై దాటాయి. జగిత్యాల వైపు మనిషి. చెక్కలు బిగించే షట్టరింగ్ పని. క్యాంపులో తెలుగువాళ్ళంతా పెద్దదిక్కుగా చూసే మనిషి. అలాంటివాడి చేతిలో కుంచె చూసి జకరయ్య బస్సు దిగి పరుగున వెళ్ళాడు.

"వచ్చినవా డ్రైవర్ తమ్మీ? జల్ది లోపలికి పో. బయట తిరుగకు" అన్నాడు రాజనర్సు. తర్వాత డబ్బా చూపించి గొంతు తగ్గించి అడిగాడు. "గొర్రె యాడ దొరుకుతది ఈడ? యార్డుల ఇనుముకేసే రెడ్ ఆక్సైడ్ రంగు ఉంటే తెచ్చిన. నడుస్తదంటవా?"

"రాజనర్సన్నా, అదీ... అసలు ఆ మాటలు ఎవరివో..."

"ఎంబసీయే. గంత శుద్ధమైన తెలుగు మనోళ్ళెవ్వలు మాట్లాడ్తరు? తినవలెను, పూయవలెను, దాటకూడదు... ఇనంగనే నాకు పెయ్యి జలదరించింది. గవర్నమెంటు మాట గట్లనే ఉంటది."

అంతలో రాజనర్సు ఫోను మోగింది. వాళ్ళమ్మ సాయవ్వ. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకి దుబాయే. చెవులు సరిగా వినబడని ముసలామె కాబట్టి ఆమె అరుపు స్పీకరు లేకుండానే ఆవరణంతా వినబడింది.

"కొడుకా! దుబాయ్‌ల పెద్దకొడుకులకు ఆపదొచ్చిందట గదరా! ఊళ్ళె ఆరిండ్లకు ఫోన్లొచ్చినయ్. నువ్వు బయటికి పోకు బిడ్డా. నేను పొద్దుగాలసంది పచ్చి మంచినీళ్ళు ముట్టలే. మన దర్వాజకు గూడ ఎర్రమన్ను పూసిన!"

"పూసిన్నే అవ్వా, ఈడ నేను గూడ పూసిన. నువ్వు ఇంత గట్క తాగు" అన్నాడు రాజనర్సు. అతని గొంతు చిన్నపిల్లాడిలా అయింది. ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుని, "నీ గదికి గూడ కొట్టిన తమ్మీ. నువ్వు పెద్దోనివే గద?" అన్నాడు.

జకరయ్య నిజంగానే ఐదుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు. తన గది గుమ్మం వైపు చూశాడు. రంగు బాగా పట్టింది. ఆ మాటలు చదివింది తానేనని తెలిసి కూడా, అతనికి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడినందుకు మళ్ళీ భయమేసింది.

ఎనిమిదిన్నరకి క్యాంప్ బాస్ జయంత్ వచ్చాడు. హైదరాబాదు మనిషి. కేకలేస్తాడే కానీ ఎవరికీ అన్నం తక్కువ కానివ్వడు. గుమ్మాలు చూశాడు, హాజరు పుస్తకం చూశాడు. డెబ్భై నాలుగు మంది డ్యూటీకి పోలేదు. హెడ్ ఆఫీసు నుంచి అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. అందరినీ మెస్ హాల్లోకి రమ్మన్నాడు. గడప దాటమని మొరాయిస్తే, "నేను గూడ ఇంటికి పెద్దకొడుకునే! నేను తిరుగుతలేనా? యల్లా!" అని అరిచి, ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని తెచ్చాడు.

హాల్లో అందరూ గోడలకి ఆనుకుని నిలబడ్డారు. జయంత్ ఫోనుని మైకు దగ్గర పెట్టి ఆ వాయిస్ వేశాడు.

ఎప్పుడో ఇసక గుట్ట మీద నేర్చిన గొంతు, ఇండస్ట్రియల్ ఏరియా నడిబొడ్డున, నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి ఉరిమింది. అది క్యాంపు గోడ దాటి, పక్కనున్న టైర్ల షెడ్డు దాటి, రోడ్డు మీదకి పోతోంది. ఇప్పటిదాకా వ్యవహారం ఫోన్లలోనే ఉంది. ఇప్పుడు తన బైబిలు పఠనం మైకులో బహిరంగంగా సాగుతోంది. యావజ్జీవం మీద ఇంకేం శిక్ష ఉంటుందో అతని ఊహకి అందలేదు.

జయంత్ వాయిస్ ఆపాడు. "ఇది ఎంబసీ గాదు, నేను ఫోన్ చేసి అడిగిన. ఆఫీసూ గాదు. ఎవడో బాగా చదువుకున్న బద్మాష్ చేసిన పని. ముందుగాల పద్నాలుగో బస్సు గ్రూపులకెల్లి వచ్చింది, జకరయ్య ఆఫీసుదే అనుకొని ఏసినట్టుండు. ఆడికెల్లి అన్ని గ్రూపులకు పంపినోడు ఎవడు?"

సైటు నుంచి కబురుపెట్టి జీపులో రప్పించిన నలుగురు పద్నాలుగో బస్సువాళ్ళలోంచి నర్సింలు మెల్లిగా ముందుకొచ్చాడు.

"నేనే సార్."

"ఎందుకు పంపినవ్?"

"మా అన్న తొమ్మిదో బస్సుల ఉంటడు సార్. మా ఇంట్ల ఆయనే పెద్దోడు. ఆయనొక్కనికి పంపితే నమ్మడని అందరికి పంపిన."

తొమ్మిదో బస్సు అన్న గోడ దగ్గర తల దించుకున్నాడు. జయంత్ మొహం తుడుచుకుని, "నాకు తెల్వది నర్సింలూ. హెడ్ ఆఫీసు ఒక పేరు అడుగుతుంది. వచ్చే వారం నీ లీవ్ ఉంది గద? అది మాఫీ, లేదనుకో. ఇంకేమైతదో ఆళ్ళ చేతుల ఉంది" అన్నాడు.

నర్సింలుకి పెళ్ళయి రెండేళ్ళు. అందులో భార్య దగ్గర ఉన్నది ఇరవై రోజులు. ఊరికి పోవడానికి కొన్న సూట్‌కేసు నెల రోజుల నుంచీ మంచం మీదే పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాడు. వాడు ఏడవలేదు. "సరే సార్" అన్నాడంతే.

ఆ "సరే సార్" జకరయ్య భయాన్ని తీసెయ్యలేదు. అంతకంటే పెద్ద భయాన్ని తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టింది. ఊరుకుంటే తను బతికిపోతాడు. ఈ కుర్రాణ్ణి బలిచ్చి తను బతికిపోయినట్టు రోజూ గుర్తుంటుంది.

"నేనేనండి" అన్నాడు.

"ఆఁ?" అన్నాడు జయంత్.

"ఆ గొంతు నాదేనండి."

హాలంతా ఒక్కసారి చూసింది. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. పొద్దుటి నుంచీ చావు భయంతో బిగుసుకుపోయిన డెబ్భై నాలుగు మంది ఆ కిసుక్కుతో పగలబడి నవ్వారు. రాజనర్సు కూడా నవ్వి, "పాపం, పోరగాన్ని బచాయించనీకి జూస్తుండు. మంచోడు" అన్నాడు.

"పక్కకు జరుగు జకరయ్యా. నీ గొంతు నీ బస్సు హారనంత గూడ ఉండదు" అన్నాడు జయంత్.

తప్పించుకోవడానికి ఆ నవ్వు చాలు. జకరయ్య వెనక్కి తిరిగి బయటికి నడిచాడు కూడా. బస్సెక్కాడు. సీటు పక్కన పెట్టిన పుస్తకం తీసుకున్నాడు. తాళాలు ఇంజనుకే ఉన్నాయి, గేటు తెరిచే ఉంది. ఆ రెండూ ఎందుకు చూశాడో అతనికే తెలియదు. పుస్తకం రెండు చేతులా పట్టుకుని తిరిగి హాల్లోకి వచ్చి, మైకు అక్కర్లేకుండా, చదివాడు.

రెండో ముక్క తర్వాతి భాగం అది. రాజు అర్ధరాత్రి కబురుపెట్టి పొండని చెప్పడం, ఆ జనం పిండి పొంగేదాకా కూడా ఆగకుండా మూటగట్టి భుజాన వేసుకుని బయల్దేరడం. నాలుగు వాక్యాలయ్యేసరికి గోడలకి ఆనుకున్నవాళ్ళు నిటారుగా నిలబడ్డారు. నర్సింలు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మెస్‌లో వంటవాడు పొయ్యి ఆపేసి గుమ్మంలోకి వచ్చాడు.

"బస్, బస్" అన్నాడు జయంత్ చెయ్యెత్తి. "ఇది... బైబిలా?"

"ఆయ్" అన్నాడు జకరయ్య, మళ్ళీ పాత గొంతుతో. "మా ఊరి గ్రూపుకి చదివానండి. వేలు తప్పి ఇక్కడ పడింది. ఎవరికీ బోధించలేదండి. నర్సింలు తప్పేం లేదు." బస్సు తాళాలు, బతాకా అనే తన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకేం పెట్టాలో తెలియక బెల్టు కూడా విప్పబోయాడు.

"బెల్టెందుకయా?"

"జైల్లో తీసుకుంటారంట కదండీ."

జయంత్ ఏదో అనబోతుండగా ఫోను మోగింది. హెడ్ ఆఫీసు. జయంత్ ఎర్ర గుమ్మాల వైపు చూశాడు, బల్ల మీది కార్డు వైపు చూశాడు, సూట్‌కేసు మంచం మీద పెట్టుకున్న నర్సింలు వైపు చూశాడు.

"హాఁ సార్... డోర్స్ సార్? ప్రైమర్ సార్. ఎండాకాలం మెయింటెనెన్స్... డెబ్భై నాలుగు మంది దాని మీదనే ఉన్నరు సార్. సాయంత్రం వరకు ఖతం."

ఫోను జేబులో వేసుకుని హాలు వైపు తిరిగాడు. "ఇన్నరు గద? సాయంత్రానికి ఈ క్యాంపుల ఎర్రగ లేని గుమ్మం ఒక్కటి ఉండొద్దు. రేపు శుక్రవారం సెలవు గాదు, ఇయ్యాళ్టి డ్యూటీ చేస్తరు. జకరయ్యా, కార్డు తీస్కో. నీ పుస్తకం నీ దగ్గర, నీ ఊరోళ్ళ దగ్గర. బస్సు గ్రూపుల బస్సు టైం తప్ప ఇంకో ముక్క వినబడ్డదో, అప్పుడు నిజంగనే బెల్టు తీస్త."

జైలు తప్పింది. అయితే జనం మిగిలి ఉన్నారు. తన మూలంగా ఉపవాసాలున్న తల్లులు, శుక్రవారం సెలవు పోగొట్టుకున్న డెబ్భై నాలుగు మంది. మధ్యాహ్నం వాళ్ళంతా రంగు పూస్తుంటే, జకరయ్య కుంచె పట్టుకుని, ఎవరి చెయ్యి ముందు లేస్తుందోనని ఒంటి మీద తెలివి లేకుండా ఒక మూల గుమ్మానికి పూతలు వేస్తున్నాడు. రాజనర్సు వచ్చి వెనక నిలబడ్డాడు. ఇంకో పదిమంది అతని వెనక.

"ఆగు తమ్మీ. ఒకటడుగుత. కరెక్టు జెప్పు."

"మన్నించన్నా, కావాలని కాదు..."

"అది కాదె. గా గుమ్మాలకు పూసుకున్నోళ్ళు ఏం పనిజేసెటోళ్ళు?"

జకరయ్యకి వెంటనే అర్థం కాలేదు. "ఇటుకలు చేసేవారండి. రాజుగారికి ఊళ్ళు కట్టేవారు."

రాజనర్సు చేతిలో కుంచె ఆగింది. "కన్‌స్ట్రక్షనా?"

"కన్‌స్ట్రక్షనేనండి."

"సొంతూరేనా?"

"కాదండి. వాళ్ళ దేశంలో కరువొస్తే పొట్ట చేతపట్టుకుని వచ్చారు. తర్వాత పోనివ్వలేదు. ఇటుకల్లోకి గడ్డి ఇవ్వడం మానేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదన్నారు."

"మెటీరియల్ ఇయ్యకుండ టార్గెట్టా!" అన్నాడు నర్సింలు. వెనక పదిమందీ తలలూపారు. ఒకతను రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

జకరయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనెవర్నీ మా మతంలోకి రమ్మనట్లేదండి. అడిగారు కాబట్టి..."

"నువ్వు రమ్మంటె మాత్రం మేమెందుకొస్తం? ఆళ్ళు ఇల్లు జేరిన్రా లేదా, గది జెప్పు" అన్నాడు రాజనర్సు.

సముద్రం దాకా గుర్తుంది జకరయ్యకి. దాటిన తర్వాత వరస గుర్తులేదు. ఆరేళ్ళ దుమ్ము. "చదివి చెప్తానండి" అన్నాడు.

అలా మొదలైంది. ఇంటి గ్రూపులో వారానికొకసారే వంతు. ఇక్కడ రోజూ వంతే. జూన్ వచ్చి ఎండవేళ పని ఆపగానే, ఆ విరామంలో జనం, జకరయ్య సైటుకి తెచ్చి నిలిపిన బస్సు ఏసీలో చేరేవారు. ఎవరో ఒకరు "ఏమాయె?" అనేవారు. తెల్లవారుజామున చదువుకున్నది జకరయ్య మెల్లిగా చెప్పేవాడు. ఒక రోజు నిద్ర ముంచుకొచ్చి చదవలేదు. ఆ మధ్యాహ్నం రాజనర్సు అడిగిన మూడు ప్రశ్నలకి జవాబు లేక, యాభై రెండు మంది మొహాలు చూడలేక, బస్సు దిగి టైర్లు తనిఖీ చేస్తున్నట్టు ఎండలో గంట నిలబడ్డాడు. ఆ తర్వాత మరి తప్పలేదు. తాత కంటే, అయ్యగారి కంటే, సప్పీర కంటే కూడా అతనికి ఆ "ఏమాయె" అంటేనే ఎక్కువ భయం.

జయంత్ అప్పుడప్పుడు నీళ్ళ డ్రమ్ములు చూసే నెపంతో సైటుకి వచ్చేవాడు. బస్సు మెట్ల మీద ఒక కాలు పెట్టి, "నేనేం వినలే" అనేవాడు. కాసేపాగి, "సముద్రం చీలినంక వెనకొచ్చిన రథాలేమైనయ్?" అనేవాడు. టికెట్టు ప్రకారమే ఊరికి వెళ్ళిన నర్సింలు కామారెడ్డి నుంచి ఫోను చేసి, "అన్నా, నేనైతే ఇల్లు చేరిన. ఆళ్ళు చేరిన్రా?" అని అడిగాడు.

జూలై మధ్యకి ఆ ప్రశ్న తప్పించుకోలేని చోటికి వచ్చింది. ఆ తెల్లవారుజామున జకరయ్య అధ్యాయం రెండుసార్లు చదివాడు. ఇల్లు చేరతారని ఇంత ఆశ పెట్టుకున్న మనుషులకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక టీ కూడా తాగలేదు. మధ్యాహ్నం బస్సు నిండింది. మెట్ల మీద జయంత్ కాలు ఉంది.

"అసలు ఆడికెల్లి నడిస్తె ఎన్ని దినాల తొవ్వ?" అని అడిగాడు రాజనర్సు, టిఫిన్ మూత తీస్తూ.

"పదకొండు రోజులదండి."

"మరి ఎన్నొద్దులు వట్టింది?"

"నలభై ఏళ్ళండి. బయల్దేరిన పెద్దవాళ్ళలో ఇద్దరే చేరారు."

రాజనర్సు మూత మళ్ళీ పెట్టేసి, కిటికీలోంచి ఇసక వైపు చూశాడు. తర్వాత జకరయ్య వైపు తిరిగి అడిగాడు.

"ఆళ్ళను గట్ల తోల్కపోయిన గా ఏజెంటు ఎవడే?"